ఆర్న్‌హెమ్: ఒక ఓటమికి కట్టిన ప్రదర్శనశాల

యుద్ధ ప్రదర్శనశాలలను సాధారణంగా గెలిచినవాళ్ళు కట్టుకుంటారు. శత్రువు నుంచి పట్టుకున్న ఫిరంగులు, సేనానుల తైలవర్ణ చిత్రాలు, గోడల మీద విజయాల తేదీలు. ఏ దేశంలో చూసినా అమరిక ఇంచుమించు ఇదే. ఓడిపోయిన యుద్ధానికి ప్రదర్శనశాల కట్టడం అరుదు. ఆ ఓటమి వల్ల సర్వం పోగొట్టుకున్న ఊరే దాన్ని తన నడిబొడ్డున నిలుపుకోవడం మరీ అరుదు. నెదర్లాండ్స్ తూర్పు ప్రాంతంలో, ఆర్న్‌హెమ్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఓస్టర్‌బేక్ అనే చిన్న ఊళ్ళో అటువంటిది ఒకటి ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో పారాచూట్లతోనూ, గ్లైడర్లతోనూ ఆకాశం నుంచి దిగిన సైనికులకు అంకితమైన ఎయిర్‌బోర్న్ మ్యూజియం అది.

ఉద్యోగరీత్యా ఆ దేశం వెళ్ళినప్పుడు ఒక సెప్టెంబరు ఆదివారం తీరిక దొరికితే ఆ ప్రదర్శనశాల చూసివచ్చాను. ఆర్న్‌హెమ్ రైల్వేస్టేషను దగ్గర ట్రాలీబస్సు ఎక్కితే ఓస్టర్‌బేక్ ఎంతో దూరం కాదు. దారి పొడుగునా చెట్లు, ఎర్ర పెంకుల ఇళ్ళు, వాటి ముందు శ్రద్ధగా పెంచిన పూలతోటలు. 1944 సెప్టెంబరులో ఈ ఇళ్ళలో గది గదికీ యుద్ధం జరిగిందంటే నమ్మడం కష్టం. ప్రదర్శనశాల ఉన్నది హార్టెన్‌స్టైన్ అనే తెల్లని పాత భవనంలో. అప్పట్లో అది హోటలు. ఆ యుద్ధంలో అదే బ్రిటిష్ సేనాని స్థావరం. 1949లో దగ్గరలోని డోర్‌వెర్త్ కోటలో మొదలైన ప్రదర్శనశాలను 1978లో ఈ భవనంలోకి తెచ్చారు.

లోపల ఏముందో చెప్పేముందు కథ కొంత చెప్పుకోవాలి. మీలో కొందరు 'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' అనే ఆంగ్ల చిత్రం చూసే ఉంటారు. మన 'గాంధీ' సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరోయే 1977లో దాన్నీ తీశాడు. చూడనివారి కోసం సంగ్రహంగా చెబుతాను.

1944 జూన్‌లో నార్మండీ తీరాన దిగిన మిత్రరాజ్యాల సేనలు సెప్టెంబరు నాటికి ఫ్రాన్సునూ, బెల్జియంనూ చాలావరకు విముక్తం చేశాయి. జర్మన్లు వెనక్కి పరుగెడుతున్నట్టే కనిపించారు. క్రిస్మస్ లోపల యుద్ధం ముగించవచ్చునన్న ఆశ పుట్టింది. అప్పుడు బ్రిటిష్ సేనాని మాంట్‌గొమరీ ఒక సాహసోపేతమైన పథకం వేశాడు. బెల్జియం సరిహద్దు నుంచి ఆర్న్‌హెమ్ దాకా సుమారు 100 కిలోమీటర్ల దారిలో నదులూ, కాలువలూ అడ్డుపడతాయి. వాటి మీది వంతెనలను పారాట్రూపర్లు ఆకాశం నుంచి దిగి ముందుగా పట్టుకోవాలి. నేల మీద టాంకులు ఒకే ఒక్క రోడ్డు వెంట దూసుకువచ్చి వాళ్ళను కలుసుకోవాలి. చివరి వంతెన ఆర్న్‌హెమ్‌లో రైన్ నది మీద. అది దాటితే జర్మనీ పారిశ్రామిక ప్రాంతానికి తలుపు తెరుచుకున్నట్టే. పథకం పేరు 'మార్కెట్ గార్డెన్'. దక్షిణాన ఐండ్‌హోవెన్ వైపు వంతెనలు అమెరికా 101వ డివిజనుకు, మధ్యలో నైమేఖన్ వైపువి 82వ డివిజనుకు, అన్నిటికంటె దూరమైన ఆర్న్‌హెమ్ వంతెన బ్రిటిష్ ఒకటవ ఎయిర్‌బోర్న్ డివిజనుకు అప్పగించారు. వాళ్ళకు తోడుగా పోలండు స్వతంత్ర పారాచూట్ బ్రిగేడు. రెండు మూడు రోజులు వంతెనను నిలబెడితే చాలు, టాంకులు వచ్చేస్తాయన్నారు.

1944 సెప్టెంబరు 17, ఆదివారం మధ్యాహ్నం. నిర్మలమైన ఆకాశం నుంచి వేల పారాచూట్లు విచ్చుకున్నాయి. ఆ సమయంలో జర్మన్ ఫీల్డ్ మార్షల్ మోడెల్ ఓస్టర్‌బేక్‌లోనే, టాఫెల్‌బెర్గ్ అనే హోటల్లో బస చేసి ఉన్నాడు. వీళ్ళంతా తనను పట్టుకోవడానికే దిగారనుకొని హడావుడిగా బండెక్కి పారిపోయాడట. చరిత్రలో హాస్యం కొన్నిసార్లు ఇలా తొంగిచూస్తుంది. ఆ తరువాత నవ్వడానికి ఏమీ మిగలలేదు.

ప్రదర్శనశాలలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి తుపాకులు కావు. ఒక గాజు పెట్టెలో గోడకాగితం ముక్క ఉంది. ఏదో ఇంటి గదికి అతికించిన పూల అలంకారపు కాగితం. ఆ ఇంట్లో చిక్కుకుపోయిన సైనికులు తాము కూల్చిన శత్రువుల లెక్కను గీతలు గీతలుగా దాని మీద రాసుకున్నారు. పక్కన తిట్లు, శపథాలు. మన ఇళ్ళలో పాలవాడి లెక్క గోడ మీద బొగ్గుతో గీసేవాళ్ళు, సరిగ్గా ఆ గీతల్లాగే ఉన్నాయవి. ఒక గృహస్థు ముచ్చటపడి ఎంచుకున్న కాగితం మీద ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళు చావులు లెక్కపెట్టుకున్నారన్నమాట. ఆ యుద్ధంలో ఎవరి ఇల్లు ఎవరి రణరంగమైందో చెప్పడానికి ఆ ఒక్క ముక్క చాలు.

పథకం ఎందుకు విఫలమైంది? దీని మీద గ్రంథాలే వెలువడ్డాయి. ప్రదర్శనశాల కూడా ఆ ప్రశ్నను దాటవేయదు. సరిపడినన్ని రవాణా విమానాలు లేవు. అందుచేత డివిజను మొత్తాన్ని ఒకేసారి దించలేక మూడు రోజుల మీద దించాలనుకున్నారు. వంతెన దగ్గర విమాన విధ్వంసక ఫిరంగుల భయం కొద్దీ పది, పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉన్న పొలాల్లో దించారు. అకస్మాత్తుగా మీదపడటమే పారాట్రూపరు బలం. ఆ బలం ఆ నడకలోనే కరిగిపోయింది. వైర్‌లెస్ సెట్లు చెట్ల మధ్యా, ఇళ్ళ మధ్యా మూగబోయాయి. విచిత్రమేమంటే ఊరి టెలిఫోన్లు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. జర్మన్లు డచ్చి ప్రతిఘటన ఉద్యమంలోకి చొరబడిన పాత అనుభవం వల్ల బ్రిటిష్‌వాళ్ళు స్థానికులను నమ్మడానికి వెనుకాడి, ఆ సదుపాయాన్ని చాలావరకు వాడుకోలేదు. చివరికి 'విలియం ఆఫ్ ఆరెంజ్' అనే పావురం వార్త మోసుకొని సముద్రం దాటి ఇంగ్లండు చేరింది. ఆ సేవకు దానికి డికిన్ పతకం ఇచ్చారు.

అన్నిటికంటె ముఖ్యం, ఆర్న్‌హెమ్ పరిసరాల్లో రెండు జర్మన్ ఎస్.ఎస్. పాంజర్ డివిజన్లు సేద తీరుతున్నాయి. నార్మండీలో చాలా నష్టపోయినవే అయినా, తేలికపాటి ఆయుధాలతో దిగిన పారాట్రూపర్లకు అవి యమదూతలే. బ్రయన్ అర్కర్ట్ అనే యువ గూఢచార విభాగపు అధికారి ముందుగానే హెచ్చరించాడు. టాంకులున్నాయని విమానాల నుంచి తీయించిన ఛాయాచిత్రాలు చూపించాడు. పైవాళ్ళు వినలేదు సరికదా, అలసిపోయావంటూ అతన్ని సెలవు మీద పంపించివేశారు. ఆ యువకుడే తరువాతి కాలంలో ఐక్యరాజ్యసమితిలో శాంతిపరిరక్షక దళాల వ్యవస్థను తీర్చిదిద్దిన ప్రముఖులలో ఒకడయ్యాడు. ఒకటవ డివిజను అధిపతి రాయ్ అర్కర్ట్‌తో ఇతనికి ఇంటిపేరు కలిసింది తప్ప చుట్టరికం లేదు.

వంతెన దాకా చేరగలిగింది ప్రధానంగా లెఫ్టినెంట్ కర్నల్ జాన్ ఫ్రాస్ట్ నాయకత్వంలోని దళం ఒక్కటే. సుమారు 740 మంది వంతెన ఉత్తరపు కొసన ఇళ్ళలో చొరబడి, మూడు పగళ్ళు, నాలుగు రాత్రులు టాంకులకు ఎదురొడ్డారు. ఇల్లు కాలితే పక్క ఇంటికి, అదీ కాలితే ఆ పక్కదానికి. 20వ తేదీ సాయంత్రం దక్షిణాన నైమేఖన్ వంతెన మిత్రసేనల చేజిక్కింది. అక్కడినుంచి ఆర్న్‌హెమ్ సుమారు 17 కిలోమీటర్లు. ఆ రాత్రి టాంకులు ముందుకు కదలలేదు. మర్నాడు ఉదయానికి ఫ్రాస్ట్ దళంలో పోరాడగలిగినవాడు, తూటా మిగిలినవాడు లేడు. ఎవరి కోసం అంతమంది చనిపోయారో ఆ వంతెనను అక్టోబరు 7న మిత్రరాజ్యాల విమానాలే, జర్మన్లకు ఉపయోగపడకూడదని, బాంబులు వేసి కూల్చాయి. యుద్ధానంతరం తిరిగి కట్టిన వంతెనకు ఇప్పుడు ఫ్రాస్ట్ పేరే పెట్టుకున్నారు.

ఇక్కడ మన దేశపు ఛాయ ఒకటి కనిపించి నన్ను ఆశ్చర్యపరచింది. ఈ ఫ్రాస్ట్ పుట్టింది పూనాలో. వంతెన దగ్గర గాయాలతోనే పోరాడి మరణించి, విక్టోరియా క్రాస్ పొందిన లెఫ్టినెంట్ గ్రేబర్న్ పుట్టింది కరాచీ రేవులోని మనోరా దీవిలో. ఇదే యుద్ధంలో, మంటలంటుకున్న డకోటా విమానాన్ని తిప్పకుండా సైనికులకు సామగ్రి జారవిడిచి కూలిపోయిన డేవిడ్ లార్డ్ అంతకుముందు లాహోరు కేంద్రంగా ఉన్న 31వ స్క్వాడ్రనులో పనిచేసి, బర్మా అడవుల్లోని దళాలకు తిండి జారవిడిచినవాడు. ఓస్టర్‌బేక్ అడవిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయిన 156వ పారాచూట్ పటాలం 1941లో ఢిల్లీలో, మన దేశంలోని బ్రిటిష్ పటాలాల నుంచి ముందుకొచ్చిన సైనికులతో ఏర్పడిందే. మన సైన్యపు పారాచూట్ రెజిమెంటు తన పుట్టుకను చెప్పుకునే 50వ భారత పారాచూట్ బ్రిగేడులో అది మొదట ఒక భాగం. అదే బ్రిగేడులోని గూర్ఖా, భారత పటాలాలు 1944 మార్చిలో మణిపూర్ కొండల్లోని సాంగ్‌షాక్ వద్ద జపాను సేనను కొన్ని రోజులపాటు నిలువరించి, తీవ్రంగా నష్టపోయాయి. ఒకే శిబిరంలో పుట్టిన దళాలు ఒకే సంవత్సరంలో ఒకటి రైన్ ఒడ్డునా, తక్కినవి మణిపూర్‌లోనూ నలిగిపోయాయి.

వంతెన చేజారాక మిగిలిన డివిజను ఓస్టర్‌బేక్‌లో, రైన్ నదిని వెనక పెట్టుకొని, గుర్రపునాడా ఆకారంలో ముడుచుకుంది. జర్మన్లు ఆ చోటును మంత్రగత్తెల కొప్పెర అన్నారు. నీళ్ళు లేవు, తిండి లేదు, మందులు లేవు. విమానాలు జారవిడిచిన సామగ్రిలో అధికభాగం శత్రువు ఆధీనంలో ఉన్న నేల మీదనే పడింది. హార్టెన్‌స్టైన్ నేలమాళిగలో సేనాని, గాయపడినవాళ్ళు, పటాలు అన్నీ ఒకచోటే. ఇప్పుడు ఆ నేలమాళిగలోకి దిగి చూడవచ్చు. కప్పు తలకు తగిలేటంత తక్కువ ఎత్తు. ఆ కింద 2009లో కొత్తగా నిర్మించిన భూగర్భశాలలో, తగలబడుతున్న వీధుల నమూనాల మధ్య తుపాకుల చప్పుళ్ళు వినిపిస్తూ ఆనాటి అనుభవం కల్పించే ప్రయత్నం చేశారు. పిల్లలకు అది నచ్చుతుందేమో. నాకు మాత్రం పైన నిశ్శబ్దంగా ఉన్న గోడకాగితమే ఎక్కువ మాట్లాడినట్టు అనిపించింది.

ఊరి పాత చర్చి పక్కన ఉన్న ఇంట్లో కేట్ టెర్ హోర్స్ట్ అనే ఇల్లాలు ఉండేది. అయిదుగురు పిల్లల తల్లి. గాయపడిన కొందరిని ఉంచుకోవచ్చునా అని సైనికులు అడిగితే సరేనంది. రెండు మూడు రోజుల్లో ఆ ఇంటి గదులు, నడవాలు, మెట్లు కూడా రెండువందల యాభై మందికి పైగా క్షతగాత్రులతో నిండిపోయాయి. పిల్లల్ని నేలమాళిగలో ఉంచి, పైన ఫిరంగి గుండ్లు గోడలు చీలుస్తుంటే ఆమె ఆ మనుషుల మధ్య తిరుగుతూ నీళ్ళిచ్చి, బైబిలులోని 91వ కీర్తన చదివి వినిపించింది. 57 మందిని ఆమె తోటలోనే పూడ్చిపెట్టారు. యుద్ధం ముగిసి అంతా శాంతించిన తరువాత, 1947లో, పొలంలో మిగిలిపోయిన మందుపాతర పేలి ఆమె పెద్దకొడుకు చనిపోయాడు. సైనికులు ఆమెను ఆర్న్‌హెమ్ దేవత అన్నారు. ఆ బిరుదు ఆమెకు ఎంత ఖరీదు పడిందో చూడండి.

సెప్టెంబరు 25 రాత్రి, జోరువానలో, మిగిలినవాళ్ళు బూట్లకు గుడ్డపేలికలు చుట్టుకొని, చీకట్లో ముందువాడి కోటు అంచు పట్టుకొని నది ఒడ్డుకు నడిచారు. బ్రిటిష్, కెనడా ఇంజనీర్లు పడవల్లో దాటించారు. నదికి ఆవల దిగిన పదివేల పైచిలుకు మందిలో ఆ రాత్రి వెనక్కి చేరింది సుమారు 2,400. చనిపోయినవాళ్ళు దాదాపు 1,500. బందీలైనవాళ్ళు 6,000కు పైన.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంత నష్టానికి బాధ్యులెవరు?

మాంట్‌గొమరీ ఆ దాడి తొంభై శాతం సఫలమైందని చెప్పుకున్నాడు. వేలెత్తి చూపడానికి పైవాళ్ళకు ఒక మనిషి దొరికాడు: పోలండు బ్రిగేడు అధిపతి స్టానిస్వాఫ్ సోసబోవ్‌స్కీ. ఆ బ్రిగేడు చరిత్రే ఒక విషాదం. తమ రాజధాని వార్సా ఎప్పుడు తిరగబడితే అప్పుడు అక్కడ దూకడానికి తయారైన దళమది. 1944 ఆగస్టు 1న వార్సా తిరగబడింది. వాళ్ళను అక్కడికి పంపలేదు, ఆర్న్‌హెమ్‌కు పంపారు. ఈ పథకం ప్రమాదకరమని సోసబోవ్‌స్కీ ముందే నిర్మొహమాటంగా వాదించాడు. ఇంగ్లండులో పొగమంచు వల్ల ఆలస్యమై, 21వ తేదీన నదికి దక్షిణాన డ్రీల్ దగ్గర దిగేసరికి నది దాటించే పంటు లేదు. దొరికిన చిన్న పడవలతో కాల్పుల మధ్య కొందరినే దాటించగలిగారు. యుద్ధం ముగిశాక దళాధిపతి బ్రౌనింగ్ అతని మీద ఫిర్యాదు చేస్తూ లేఖ రాశాడు. డిసెంబరులో అతన్ని బ్రిగేడు నాయకత్వం నుంచి తప్పించారు. పోలండు కమ్యూనిస్టుల పాలనలోకి పోవడంతో సోసబోవ్‌స్కీ స్వదేశానికి వెళ్ళలేదు. ఇంగ్లండులో కర్మాగార కార్మికుడిగా బతికి, 1967లో మరణించాడు. 2006లో గాని నెదర్లాండ్స్ ప్రభుత్వం ఆ బ్రిగేడుకు తన అత్యున్నత సైనిక గౌరవాన్నీ, అతనికి మరణానంతరం కాంస్య సింహ పతకాన్నీ ప్రకటించలేదు. హెచ్చరించినవాడి నెత్తినే తప్పు రుద్దడం మన కచేరీల్లో కూడా చూస్తుంటాం. అది ఏ ఒక్క దేశపు గుణమూ కాదు.

మరి ఊరివాళ్ళ మాట? వాళ్ళు ఈ పథకంలో ఎక్కడా లేరు. కాని మూల్యంలో అధికభాగం వాళ్ళే చెల్లించారు. యుద్ధం ముగుస్తూండగానే జర్మన్లు ఆర్న్‌హెమ్‌ను ఖాళీ చేయించారు. లక్షకు దగ్గరగా జనం చేతికి దొరికినవి బళ్ళ మీద వేసుకొని రోడ్డున పడ్డారు. వెనక ఖాళీ ఇళ్ళను పద్ధతి ప్రకారం దోచారు. 1945 ఏప్రిల్‌లో గాని ఆ నగరానికి విముక్తి రాలేదు. దాడికి సాయపడాలని లండనులోని డచ్చి ప్రవాస ప్రభుత్వం పిలుపునిస్తే రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. ప్రతీకారంగా జర్మన్లు పశ్చిమ ప్రాంతాలకు తిండి రవాణా ఆపేశారు. ఆ ఆంక్ష కొంత సడలేసరికి కాలువలు గడ్డకట్టాయి. 1944-45 నాటి ఆ ఆకలి శీతకాలంలో జనం ట్యూలిప్ దుంపలు ఉడకబెట్టుకొని తిన్నారు. సుమారు 20,000 మంది చనిపోయారని అంచనా. 'రోమన్ హాలిడే' కథానాయిక ఆడ్రీ హెప్‌బర్న్ అప్పుడు పదిహేనేళ్ళ పిల్ల. ఆర్న్‌హెమ్ పక్కనే వెల్ప్ అనే ఊళ్ళో ఆ ఆకలిని అనుభవించింది. 1943 బెంగాలు కరువు గురించి చదువుకున్న మనకు వేరే వివరించనక్కరలేదు. యుద్ధపటాల మీద బాణపు గుర్తులుంటాయి, వంతెనలుంటాయి. ధాన్యపుకొట్లు ఉండవు.

ప్రదర్శనశాల ఎదుట పచ్చిక మీద ఒక రాయి ఉంది. నన్ను ఈ వ్యాసం రాయించింది ఆ రాయే. 1994లో, యాభయ్యేళ్ళు నిండిన సందర్భంలో, బతికి ఉన్న సైనికులు దాన్ని ఆ ప్రాంత ప్రజల పేరిట నిలిపారు. ప్రపంచంలో సైనికులకు ప్రజలు నిలిపిన స్మారకాలు కోకొల్లలు. ఇది సైనికులు ప్రజలకు నిలిపిన స్మారకం. దాని మీది సారాంశం ఇది: యుద్ధాన్ని త్వరగా ముగించాలని మేమిక్కడ పోరాడాం. దానికి బదులు మీకు మృత్యువునూ, విధ్వంసాన్నీ తెచ్చిపెట్టాం. అయినా మీరు మమ్మల్ని ఎన్నడూ నిందించలేదు. ఆ తరువాత, గాయాలకు కట్లు కట్టిన స్త్రీలకూ, ఆ దీర్ఘ శీతకాలంలో ప్రాణాలకు తెగించి సైనికులను దాచిన కుటుంబాలకూ కృతజ్ఞతలు.

అది చదివి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పథకం వేసినవాళ్ళు ఆ మాట అనలేదు. శాతాలు లెక్కగట్టారు, లేఖలు రాశారు, ఒక పరదేశి మీద నెపం పెట్టారు. ఆ పథకంలో ఏ నిర్ణయమూ తమది కాని సామాన్య సైనికులు, డెబ్బయ్యేళ్ళు దాటిన వయసులో, బాధ్యతను తమ భుజాన వేసుకొని రాతి మీద చెక్కించారు. యుద్ధంలో వాళ్ళు చూపిన ధైర్యం గురించి ఎన్నో పుస్తకాలున్నాయి. నా దృష్టిలో ఈ రాయి నిలపడానికి కావలసిన ధైర్యం దానికి ఏమాత్రం తీసిపోదు.

ఊరివాళ్ళ జవాబు కొద్ది దూరంలో ఉన్న సైనిక శ్మశానంలో దొరుకుతుంది. ఒకే తీరు తెల్లరాళ్ళ కింద దాదాపు 1,750 మంది. పేరు తెలియనివాళ్ళు అందులో రెండువందలకు పైన. 1945 మొదలుకొని ఏటా సెప్టెంబరులో బడిపిల్లలు వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో సమాధి ముందు నిలబడి, అందరూ ఒక్కసారే వంగి పూలు పెడతారు. తొలి ఏడు పూలు పెట్టిన పిల్లల్లో ఇప్పుడు మిగిలినవాళ్ళు ఎనభయ్యవ పడి దాటినవాళ్ళు. వాళ్ళ మనుమల పిల్లల వయసువాళ్ళు ఇప్పుడు ఆ పని చేస్తున్నారు. నేను వెళ్ళిననాడు ఒక సమాధి ముందు జాడీలో ఊదారంగు పూలు ఇంకా వాడకుండా ఉన్నాయి. రాతి మీద పేరు లేదు, పారాచూట్ రెజిమెంటు సైనికుడు అని మాత్రమే ఉంది.